నా పేరు మీద వచ్చిన వేడి ఆవిర్లు

మా జిల్లాలో ఇకమీదట ఎవరూ ఆందోళన మాత్ర మింగకూడదని ఉత్తర్వు వచ్చిన రోజున నేను కొట్లో కూర్చుని కురిడీ కాయలు ఊపి చూస్తున్నాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు ఇంకా ఉన్నాయో, ఇంకిపోయాయో తెలుస్తుంది. మనుషులకు కూడా ఇంత తేలికైన పరీక్ష ఉంటే వ్యాపారం ఇంకా బాగుండేది.

కురిడీ సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ముదురు కాయను పీచు ఒలవకుండా అటక మీద వేసి, కింద సన్నసెగ ఆరకుండా చూస్తూ నెలల తరబడి వదిలేస్తే నీళ్లు వాటంతటవే ఇంకిపోయి కొబ్బరి గుండులా విడివడుతుంది. తొందరపడి కింద పెద్ద మంట పెట్టినవాళ్లను నేను చూశాను. కాయ పైకి ఎండినట్టే ఉంటుంది, కొట్టి చూస్తే లోపల కుళ్లు. సరుకూ పోతుంది, అటకా కాలుతుంది.

నా భార్య మాణిక్యాంబ విషయంలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ హేమనళిని గారు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే.

చాలా ఏళ్ల కిందట మాణిక్యం వాళ్ల అక్క పోయినప్పుడు నిద్ర పట్టడం లేదంటే ఒక డాక్టరు ఆందోళన తగ్గే చిన్న మాత్ర రాసిచ్చాడు. కొన్నాళ్లు వాడమన్నాడు. ఆయనకు బదిలీ అయింది గాని మాత్రకు కాలేదు. చుట్టపు చూపుగా వచ్చి ఇల్లరికపు అల్లుడిలా మా ఇంట్లో స్థిరపడిపోయింది. ఆ తరవాత మాణిక్యానికి ముట్లుడిగాయి. ఒళ్లంతా వేడి ఆవిర్లు, చెమటలు, గుండెదడ. ఒక మాత్ర చాలక ఒకటిన్నర అయింది. అప్పుడు తనే పట్టుబట్టింది.

"చచ్చేలోగా నా నిద్ర నేను పోవాలండీ. ఈ మాత్ర నిద్రపోతోంది గాని నేను పోవట్లేదు. ఎలాగైనా మానేస్తాను."

డాక్టరమ్మ అంతా విని ఇలా చెప్పారు: "కోటిలింగం గారూ, ఒంట్లో హార్మోన్ తగ్గితే దడ, చెమట, నిద్రలేమి వస్తాయి. ఈ మాత్ర తగ్గిస్తున్నప్పుడూ దడ, చెమట, నిద్రలేమి వస్తాయి. రెండూ కలిస్తే ఏది దేనివల్లో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. అందుకని ముందు హార్మోన్ మందు ఇచ్చి ఒళ్లు కుదుటపడనిద్దాం. అందరికీ ఇది పడదు, అమ్మగారికి పరీక్షలు చేశాకే ఇస్తున్నాను. ఆ తరవాత ఆందోళన మాత్రని కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. తగ్గిస్తున్నన్నాళ్లూ హార్మోన్ మందు కదపకండి. అది కాస్తా ఆగితే కొందరికి మానడం మరీ నరకం అవుతుంది."

"పోనీ మాత్రే ఒక్కసారిగా మానేస్తే?" అంది మాణిక్యం.

"ఫిట్స్ రావచ్చమ్మా. ఆ సాహసం మాత్రం వద్దు."

నాకు అర్థమైపోయింది. సన్నసెగ ఆరకూడదు, పెద్దమంట పెట్టకూడదు. అలాగే మొదలుపెట్టాం. చెమటలు తగ్గాయి, ఒకటిన్నర మాత్ర ఒకటికి దిగింది. ఒకటి నుంచి ముప్పావుకి దిగుతుండగా ఉత్తర్వు వచ్చింది.

రాష్ట్రంలో మొట్టమొదటి 'నిశ్చింత జిల్లా'గా మా జిల్లాను ప్రకటించాలని ఆ ఉత్తర్వు సారాంశం. జిల్లాలో ఆందోళన మాత్ర మింగే మనిషి ఒక్కరూ మిగలకూడదు. ఆందోళన మిగలవచ్చా అని బజారులో కొందరు అడిగారు. దాని ప్రస్తావన ఉత్తర్వులో లేదు.

ముందుగా ర్యాలీ తీశారు. బడిపిల్లల్ని ఎండలో నిలబెట్టి "చింతించను, చింతించనివ్వను" అని ప్రతిజ్ఞ చేయించారు. కొందరు సొమ్మసిల్లారు. ఆ తరవాత మందుల షాపుల్లోని ఆందోళన మాత్రలన్నీ ఎత్తి 'నిశ్చింత కేంద్రం' అనే కౌంటరుకు చేర్చారు. పేరు నమోదు చేసుకుంటే అక్కడ డాక్టరు చీటీ చూసి తగ్గింపు పొట్లాలు ఇస్తారు. హార్మోన్ మందులు కూడా 'మలిసంధ్య' అనే ఇంకో పథకం కింద అదే కౌంటరుకు వెళ్లాయి. పోనీ పక్క జిల్లాలో కొనుక్కుందామని వెళ్లాను. వాళ్లూ పోటీలో ఉన్నారట. షాపతను నా ఆధార్ కార్డు మీద చిరునామా చూసి, "మీ ఆందోళన మీ జిల్లాలోనే తగ్గించుకోండి బాబూ, మాది మాకే ఎక్కువైపోయింది" అన్నాడు.

మా జిల్లా నిశ్చింత అధికారి దక్షిణామూర్తి గారు. అంతకుముందు మరుగుదొడ్ల పథకం చూసేవారు. అందులో జిల్లాకు నూటికి నూట నాలుగు శాతం సాధించిన మనిషి. ఆ పై నాలుగు ఎక్కడ కట్టించారో ఎవరూ అడగలేదు, షీల్డు మాత్రం ఆయన బల్ల మీద ఉంది.

కౌంటరులో మాణిక్యం పేరు కొట్టగానే కంప్యూటరు తెర ఎర్రబడింది.

"ద్వంద్వ లబ్ధి," అన్నారు దక్షిణామూర్తి గారు, గొలుసు దొంగను పట్టుకున్నట్టు. "అమ్మా, తమరు నిశ్చింతలోనూ ఉన్నారు, మలిసంధ్యలోనూ ఉన్నారు. ఒక లబ్ధిదారుకు ఒకే లబ్ధి. ఇది మూలసూత్రం."

"లబ్ధేంటండీ, మందు కదా?" అంది మాణిక్యం.

"ప్రభుత్వం ఇచ్చేది ఏదైనా లబ్ధే. వృద్ధాప్య పింఛను పొందేవారికి వితంతు పింఛను ఇస్తున్నామా?"

"అంటే ముసలాళ్లకి మొగుళ్లు పోరాండీ?"

"పోవచ్చును. లబ్ధి మాత్రం ఒకటే."

నేను డాక్టరమ్మ రాసిన చీటీ చూపించాను. మాత్ర తగ్గించడం పూర్తయ్యేదాకా హార్మోన్ మందు ఆపకూడదనీ, ఆపితే ఆ ప్రభావం మాత్ర మానడం మీద పడవచ్చుననీ అందులో ఉంది. దక్షిణామూర్తి గారు రెండుసార్లు చదివారు. ఆయన ముఖం వెలిగింది.

"చూశారా, డాక్టరు గారే ఒప్పుకున్నారు. ఒక పథకం ప్రభావం ఇంకో పథకం మీద పడుతోంది! రేపు ఈవిడ మాత్ర మానేస్తే ఆ ఘనత నిశ్చింతదా, మలిసంధ్యదా? ఎవరి ఖాతాలో వెయ్యాలి? ఆడిట్ వారికి ఏం సమాధానం చెప్పాలి? ప్రభావాలు కలవకుండా చూడడం నా బాధ్యత."

"మరి నా ఒంట్లో రెండూ ఒక్కచోటే ఉంటున్నాయి కదండీ," అంది మాణిక్యం. "మధ్యలో గోడేమన్నా కట్టించమంటారా?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు. "అటువంటి ప్రతిపాదన డాక్టరు ద్వారా వస్తే పరిశీలిస్తాం," అన్నారు. "ప్రస్తుతానికి ఏదో ఒకటి స్వచ్ఛందంగా వదులుకోండి. వదులుకున్నవారికి ప్రశంసాపత్రం ఇస్తున్నాం."

నేను ముప్పై ఏళ్లుగా బేరాలు చేస్తున్నాను. ఎదుటివాడు ససేమిరా అంటే, వాడికి ఏది అక్కర్లేదో కాదు, ఏది కావాలో చూడాలి. ఈయనకు మాణిక్యం మందు మానెయ్యాలనేమీ లేదు. ఒక పేరు ఎదురుగా రెండు టిక్కులు ఉండకూడదు, అంతే.

"అయ్యా," అన్నాను, "లబ్ధి వదులుకోకుండా పేరు తప్పించే దారి ఏమైనా ఉందా?"

దక్షిణామూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను నియమాల మనిషినే గాని నిర్దయుణ్ణి కాను. కుటుంబంలో ఒకరికి ఒక పథకం, మరొకరికి మరో పథకం ఉండవచ్చు. మలిసంధ్య తమరి పేరు మీద పెట్టుకోండి."

"నేను మగవాణ్ణి కదండీ!"

"దానికి అడ్డంకి లేదు. మార్గదర్శకాల్లో 'నలభై అయిదేళ్లు దాటిన కుటుంబ సభ్యులు' అని మాత్రమే ఉంది. లింగ వివక్ష వద్దని పోయిన సమావేశంలోనే 'స్త్రీ' అన్న మాట తీసేయించాం."

కౌంటరు అమ్మాయి వివరాలు అడగడం మొదలుపెట్టింది. చివరిసారి ముట్టు వచ్చిన తేదీ దగ్గర ఆగింది. వర్తించదు అని కొడితే కంప్యూటరు తీసుకోలేదు. తేదీ లేకపోతే ముందుకు కదలదట. నాకు బాగా గుర్తున్న తేదీ ఒక్కటే ఉంది. కొబ్బరి ధర కుప్పకూలి గోదాములో సరుకంతా నా నెత్తిన పడ్డ రోజు. అదే వేయించాను. తెర పచ్చబడింది.

"అభినందనలు," అన్నారు దక్షిణామూర్తి గారు.

ఆ విధంగా మాణిక్యానికి ఆందోళన మాత్రలు తన పేరు మీద, హార్మోన్ మాత్రలు నా పేరు మీద రావడం మొదలైంది. ఇంటికి తెచ్చి రెండూ ఆవిడ చేతిలో పెట్టేవాణ్ణి. ముప్పావు దాటి అరకు దిగింది. ప్రతి దిగుడుకీ కొన్నాళ్లు చేతులు వణికేవి, మళ్లీ కుదుటపడేవి. డాక్టరమ్మ చూసి, "బాగుంది, తొందరేమీ లేదు" అనేవారు. లాభదాయకమైన బేరానికి ఇంతకంటే ఏం కావాలి? నాకు కలిగిన నష్టమల్లా కొంచెం పరువు.

ఎందుకంటే లబ్ధిదారుల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వచ్చి లక్షణాలు నమోదు చేసుకోవాలి. మా వార్డు కార్యకర్త ఏసుమణి మంచి పిల్ల. మా పెద్దమ్మాయితో చదువుకుంది. మొదటిసారి వచ్చినప్పుడు నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"బాబాయిగారూ, ఏమనుకోకండి. ఫోనులో అన్నీ నింపకపోతే నాకు జీతం పడదు. వేడి ఆవిర్లు వస్తున్నాయాండీ?"

నేను అప్పుడు కొబ్బరి ఎండబెట్టే పొయ్యి పక్కన ఉన్నాను. "వస్తున్నాయమ్మా."

"రాత్రుళ్లు చెమటలు?"

"కరెంటు పోయినప్పుడు."

"చిరాకు, కోపం?"

"అది పెద్దక్షరాల్లో రాసుకోవే ఏసుమణీ," అని లోపల్నించి మాణిక్యం కేకేసింది. "ఆయనకి అది పెళ్లినాటి నుంచీ ఉంది. నాకే లేటుగా వచ్చింది."

నెలకోసారి మలిసంధ్య అవగాహన సదస్సు ఉండేది. రాకపోతే కార్డు ఆగిపోతుంది. పాతికమంది ఆడవాళ్ల మధ్య నేను మీసంతో కూర్చునేవాణ్ణి. ఉపన్యాసకురాలు మా వయసులో ఎముకలు ఎలా గుల్లబారతాయో, భర్తలు మమ్మల్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేది. పక్కన కూర్చున్న చీరల కొట్టు ఆవిడ నా భుజం తట్టి, "మీ ఆయన బాగా చూసుకుంటున్నాడా అన్నయ్యా?" అని అడిగింది. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. సరుకు దాటాలంటే చెక్‌పోస్టు దగ్గర నవ్వకుండా ఎలా?

ఇక్కడితో ఆగి ఉంటే కథే లేదు. కాని ప్రభుత్వం అంకెలు సేకరించిందంటే వాటిని కలపకుండా ఊరుకోదు.

ఒకరోజు దక్షిణామూర్తి గారు జీపు పంపించి నన్ను పిలిపించారు. సమావేశ మందిరంలో పెద్ద తెర మీద రెండు గీతలు వేశారు. ఒకటి పైకి పోతోంది, ఇంకొకటి కిందికి దిగుతోంది. డాక్టరమ్మ హేమనళిని గారు కూడా ఓ మూల కూర్చుని ఉన్నారు.

"పైకి పోయే గీత కోటిలింగం గారు స్వీకరించిన హార్మోన్," అన్నారు దక్షిణామూర్తి గారు, వేలితో గీత వెంట నడుస్తూ. "కిందికి దిగే గీత వారి సతీమణి గారి వణుకు. భర్త హార్మోన్ తీసుకున్నకొద్దీ భార్యకు మాత్ర మానడం సులభమవుతోంది! ప్రపంచంలో ఎక్కడా ఇంతవరకు కనిపెట్టని సంబంధం ఇది. మన జిల్లా కనిపెట్టింది."

డాక్టరమ్మ లేచారు. "అయ్యా, ఆ మందు వేసుకుంటున్నది ఆవిడే. అది మీకూ తెలుసు, మీరే ఇలా పెట్టించారు కదా!"

"నాకు వ్యక్తిగతంగా తెలియవచ్చును. రికార్డుపరంగా నాకు తెలియదు."

"వైద్యపరంగా ఇది చాలా తప్పండీ."

"తమరు వైద్యపరంగా చెబుతున్నారు, మేం జిల్లాపరంగా చెబుతున్నాం. రెండింటికీ గౌరవం ఉంది," అని ఆయన ఆవిడకు టీ ఇప్పించారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నిశ్చింతలో నమోదైన ప్రతి స్త్రీ భర్తా విధిగా మలిసంధ్యలో చేరి హార్మోన్ స్వీకరించాలి. గోడల మీద నినాదాలు వెలిశాయి: 'భర్త నిమ్మళం - భార్యకు నిశ్చింత.' కౌంటరు ముందు మగవాళ్ల వరస బస్టాండు దాకా సాగింది. రైస్‌మిల్లు ఓనరు, హెడ్మాస్టరు, రిటైరైన ఎస్సై, అందరూ చివరి ముట్టు తేదీ ఆలోచించుకుంటూ నిలబడ్డారు. కొందరు నన్ను పక్కకు పిలిచి సలహా అడిగారు. ఏదైనా బాగా నష్టం వచ్చిన రోజు చెప్పండన్నాను. హెడ్మాస్టరు తన పెళ్లిరోజు వేయించాడు.

డాక్టరమ్మ మొదట మండిపడ్డారు. తరవాత మా కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుని లెక్క వేసుకున్నారు. "ఎవరికి హార్మోన్ మందు అవసరమో ఆ ఆడవాళ్లకి ఇన్నాళ్లూ ఈ ద్వంద్వ లబ్ధి గోలలో అందలేదు. ఇప్పుడు మొగుళ్ల పేరు మీద అందుతోంది. పడనివాళ్లని నేనే పిలిచి ముట్టుకోవద్దని చెబుతాను. పిచ్చిపనే గాని కోటిలింగం గారూ, ప్రస్తుతానికి కదపకండి."

"కదిపేది నేను కాదు తల్లీ," అన్నాను.

కదిపింది ఒక కోడి. అక్కర్లేని మాత్రలు ఏం చెయ్యాలో తెలియక ఒక భర్త వాటిని దాణాలో కలిపి కోళ్లకు వేశాడు. గుడ్లు పెరుగుతాయని ఎవరో చెప్పారట. కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. అతను ఆవేశంలో నేరుగా దక్షిణామూర్తి గారి దగ్గరికే వెళ్లి నష్టపరిహారం అడిగాడు. ఆ విధంగా భర్తలు మాత్ర మింగడం లేదన్న విషయం రికార్డుకెక్కింది. ఇక ఆయనకు రికార్డుపరంగా తెలిసిపోయింది.

మర్నాటి నుంచి 'ప్రత్యక్ష సేవనం.' మాత్రలు ఇంటికి ఇవ్వరు. ఏసుమణి పొద్దున్నే ఇంటికొస్తుంది. ఆమె కళ్ల ముందే భర్త మింగాలి. మింగాక నోరు తెరిస్తే ఆ ఖాళీ నోటిని ఫోటో తీసి పైకి పంపాలి. నేను మొదటిరోజు బుగ్గలో దాచాను.

"నాలిక ఎత్తండి బాబాయిగారూ," అంది ఏసుమణి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఫోటోలో తెల్లగా కనబడితే యాప్ ఒప్పుకోదండీ. నిన్న తాలూకాఫీసు వీధిలో ఒకాయనవి మూడుసార్లు వెనక్కొచ్చాయి. నన్ను తీసేస్తారండీ."

మింగాను. నాకు చేదు కూడా తెలియలేదు. తెలిసింది మాణిక్యానికి.

హార్మోన్ మందు ఆగిన కొన్నాళ్లకే వేడి ఆవిర్లు తిరిగొచ్చాయి. వాటి వెంబడే దడ. అర మాత్రతో హాయిగా ఉన్న మనిషి కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయింది. గ్లాసు ముందు కూర్చుని దానివైపే చూస్తూ, "పట్టుకుంటే ఒలుకుతుంది, వదిలేస్తే చల్లారుతుంది" అంది. తడితువ్వాలు మెడకు చుట్టుకుని వంటింటి గచ్చు మీద కూర్చునేది. డాక్టరమ్మ వచ్చి చూసి తగ్గించడం ఆపేశారు. "ఇంకా కిందికి దింపకండి. కొన్నాళ్లిలాగే ఉంటే మళ్లీ పైకి పెంచాల్సి రావచ్చు" అన్నారు.

ఆ మాటకే మాణిక్యం ఏడ్చింది. "ఇంత దూరం దిగొచ్చానండీ. మళ్లీ మొదటి మెట్టుకి పంపేస్తారా?"

నేను నా బుద్ధికి తోచిన దారులన్నీ చూశాను. దక్షిణామూర్తి గారి కాళ్లు పట్టుకోవడం ఒక్కటి మిగిలింది, అదీ చేశాను. "ఫలితాలు తగ్గుతున్నాయా?" అని ఆయన కంగారుపడ్డారు. కంప్యూటరులో చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. "లేదే, తమరి ఖాళీ నోరు అద్భుతంగా వస్తోంది. సతీమణి గారి వణుకు పెరిగిందంటే తమరి మోతాదు చాలడం లేదన్నమాట. రెండు మాత్రలు మింగండి. అన్నట్టు, వచ్చే ఆదివారం నిశ్చింత జిల్లా ప్రకటన. మంత్రిగారు వస్తున్నారు. ఉత్తమ లబ్ధిదారుగా తమరి పేరే పంపాను. మంత్రిగారు స్వహస్తాలతో తమరి నోట్లో మాత్ర వేస్తారు."

ఇంటికొచ్చి చెప్పాను. మాణిక్యం తువ్వాలు పిండి దండెం మీద ఆరేసి, "నేనూ వస్తాను" అంది.

"వద్దే, అంత జనంలో నీకు దడ..."

"ఇంట్లో కూర్చుంటే మాత్రం దడ రావట్లేదా? అక్కడైతే నా మందు నాకు కనబడనన్నా కనబడుతుంది."

ఆదివారం నాడు జూనియర్ కాలేజీ మైదానంలో షామియానా వేశారు. ఒకవైపు భర్తలు, ఇంకోవైపు భార్యలు. భర్తలకు గులాబీ రంగు టోపీలు ఇచ్చారు. వేదిక మీద వెండిపళ్లెంలో, తమలపాకు మీద, నా మాత్ర ఉంది. దక్షిణామూర్తి గారు రెండు గీతల సిద్ధాంతం చదివారు. మంత్రిగారికి అర్థమైందో లేదో గాని తల ఊపారు. నన్ను పిలిచారు. వెళ్లి నోరు తెరిచాను. ఫోటోగ్రాఫర్లు ఇంకా పెద్దగా తెరవమన్నారు.

మంత్రిగారు మాత్ర ఎత్తి నా నోటిదాకా తెచ్చారు. అప్పుడే నా భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చింది. వణుకుతున్న చెయ్యి. గాజులు గలగలమంటున్నాయి. ఆ చెయ్యి మంత్రిగారి వేళ్ల మధ్య నుంచి మాత్రను తీసుకుంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు మంత్రిగారు.

"ఈయన పేరు మీద వస్తున్న వేడి ఆవిర్లు నావేనండీ," అంది మాణిక్యం.

మైకు దగ్గర్లోనే ఉంది. మైదానమంతా వినబడింది.

"ఒళ్లు నాది, చెమట నాది, వణుకు నాది. మందు మాత్రం ఈయన మింగుతున్నాడు. నేను ఆ పాడు మాత్ర మానాలంటే ఈ మాత్ర నా కడుపులో పడాలండీ, ఆయన కడుపులో కాదు. పొరుగింట్లో పొయ్యి వెలిగిస్తే మా అన్నం ఉడుకుతుందాండీ?"

అని మాత్ర నోట్లో వేసుకుంది. మంత్రిగారి ముందున్న నీళ్లసీసా తీసుకుని తాగింది. సీసా చేతిలో వణికి, సగం నీళ్లు చీర మీద పడ్డాయి.

ఆడవాళ్ల వైపు నుంచి రైస్‌మిల్లు ఓనరు భార్య లేచింది. "మా ఆయనవీ నావేనండీ!" ఇంకొకావిడ లేచింది. ఇంకొకావిడ. గులాబీ టోపీలు ఒక్కొక్కటే తలల మీంచి దిగాయి. హెడ్మాస్టరు లేచి నిలబడి, "అవునండీ, ఆవిడవే" అని సాక్ష్యం చెప్పాడు.

మంత్రిగారు దక్షిణామూర్తి గారి వైపు తిరిగారు. "ఏమయ్యా, ఇది స్కీములో ఉందా, లేదా?"

లేదంటే రికార్డులన్నీ అబద్ధం. జిల్లా ప్రకటన ఆగిపోతుంది, పక్క జిల్లా వాళ్లు ఎగరేసుకుపోతారు. దక్షిణామూర్తి గారి నుదుటి మీద నిజమైన వేడి ఆవిరి కనబడింది. చెమట తుడుచుకుని, మైకు అందుకున్నారు. నూట నాలుగు శాతం సాధించిన మనిషి ఊరికే అయ్యాడా?

"ఉందండీ! దీని పేరు 'ప్రతినిధి సేవనం.' భర్త తరఫున భార్య మింగే సదుపాయం. దీన్ని తమరి అమృతహస్తాల మీదుగా ఈ శుభముహూర్తంలో ప్రారంభించుకోవాలని గోప్యంగా ఉంచాం. ప్రారంభం ఇప్పుడే జరిగిపోయింది!"

చప్పట్లు మోగాయి. మంత్రిగారు రెండో మాత్ర కూడా తెప్పించి, ఫోటోకోసం మాణిక్యం నోట్లో వెయ్యబోయారు. డాక్టరమ్మ పరుగున వచ్చి అడ్డుపడ్డారు. "ఒకటే అండీ, రోజుకి ఒకటే!" ఖాళీ వేళ్లతోనే ఫోటో తీశారు. జిల్లా నిశ్చింత అయింది. తగ్గింపు పొట్లాల మీద ఉన్నవాళ్లు మానేసినవాళ్ల కిందే లెక్కట.

ఆ మర్నాటి నుంచి ఏసుమణి మాణిక్యం నోటిని ఫోటో తీసుకుంటోంది. నేను పక్కన నా కార్డు పట్టుకుని నిలబడాలి. కొన్ని వారాలకు ఒళ్లు మళ్లీ కుదుటపడింది. డాక్టరమ్మ మళ్లీ తగ్గించడం మొదలుపెట్టారు. అర, పావు, పావులో సగం. ఆఖరికి గోటితో గిల్లినంత. ఒకరోజు ఆ గిల్లు కూడా వేసుకోకుండా మాణిక్యం పొద్దున్నే లేచి కాఫీ కలిపి, గ్లాసు నిండుగా పోసి నా చేతికిచ్చింది. చుక్క ఒలకలేదు.

"హార్మోన్ మందు ఇప్పుడే ఆపకండి, అది ఎన్నాళ్లన్నది నిదానంగా చూద్దాం," అన్నారు డాక్టరమ్మ.

మాణిక్యం నిశ్చింతలోంచి బయటపడింది కాబట్టి ఇక ద్వంద్వ లబ్ధి బాధ లేదు. మలిసంధ్యను ఆవిడ పేరు మీదికే మార్చమని దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన బల్ల మీద రెండో షీల్డు వచ్చింది.

"మార్చవచ్చును," అన్నారు ఆయన. "కాని ఒక కుటుంబంలో ఒక్కరికే మలిసంధ్య. ఆవిడకు ముట్లుడిగినట్టు నమోదు కావాలంటే ముందు తమరికి రద్దు కావాలి. తమరికి ముట్లు తిరిగి మొదలయ్యాయని డాక్టరు గారి ధ్రువపత్రం తీసుకురండి. ఆ రోజే చేసి పెడతాను."

డాక్టరమ్మను అడిగాను. ఆవిడ బల్ల మీద తలపెట్టుకుని నవ్వారు, ఎంతకీ ఎత్తలేదు. ధ్రువపత్రం మాత్రం ఇవ్వలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాణిక్యానికి సంగతి చెప్పాను.

"ఉండనివ్వండి," అంది. "ఇన్నేళ్లూ నెలనెలా నేను మోశాను. ఇకమీదట మీరు మొయ్యండి."

నా పేరు మీద ఉన్న మాత్ర తను వేసుకుని, చాప పరుచుకుని పడుకుంది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నిద్ర పట్టేసింది. సన్నగా గురక కూడా. ఆ నిద్ర ఒక్కటే మా ఇంట్లో ఎవరి పేరు మీద ఉండాలో వారి పేరు మీద ఉంది.